మొటిమల క్యాప్సూల్ వల్ల అన్నవాహికలో పుండు పడింది. ఈ సంగతి ఎవరికి చెప్పాలి?

గుంటూరు అక్క (ప్రశ్న)

మా తమ్ముడికి 19 ఏళ్ళు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటున్నాడు. ముఖం నిండా చీము పట్టిన మొటిమలు. ఫోటో తీస్తానంటే తల తిప్పుకునేవాడు, పండగకు ఇంటికి వచ్చినా నలుగురిలో కూర్చునేవాడు కాదు. చర్మవైద్యుడికి చూపిస్తే రోజుకొక డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్, రాత్రి పూట రాసుకునే జెల్ ఒకటి ఇచ్చారు. మూడు వారాలు ఏ ఇబ్బందీ లేదు. బుగ్గల మీద ఎరుపు కూడా తగ్గింది.

నాలుగో వారంలో ఒక శనివారం రాత్రి పడుకోబోతుండగా మందు గుర్తొచ్చిందట. సీసాలో నీళ్ళు లేవు. కిందికి దిగి పట్టుకురావడానికి బద్ధకించి, ఉమ్మితోనే క్యాప్సూల్ మింగి పడుకున్నాడు. తెల్లవారుజామున 4 గంటలకు నాకు ఫోను. "అక్కా, ఛాతీ మధ్యలో ఏదో దిగబడినట్టుంది, ఉమ్మి కూడా మింగలేకపోతున్నాను" అన్నాడు. మా నాన్నగారు గుండెపోటుతో పోయారు. ఆ మాట వినగానే నా కాళ్ళు చల్లబడ్డాయి.

ఈసీజీలో ఏమీ లేదన్నారు. మర్నాడు ఎండోస్కోపీ చేశారు. అన్నవాహిక మధ్య భాగంలో ఎదురెదురుగా రెండు పుండ్లు. డాక్టరు తెర మీద చూపించారు. గులాబీ రంగు గోడ మీద తెల్లటి పొరతో, ఒక్కొక్కటి కందిబద్ద కన్నా కొంచెం పెద్దది. క్యాప్సూల్ అక్కడే అతుక్కుని కరిగిపోయిందని చెప్పారు. మందు ఆపించి, యాసిడ్ తగ్గించే మాత్రలు ఇచ్చారు. వారం పాటు మజ్జిగ, చల్లారిన జావ మీదే ఉన్నాడు. తొమ్మిదో రోజున అన్నం తిన్నాడు.

ఇప్పుడు బాగున్నాడు. కానీ నా మనసు కుదుటపడటం లేదు. చీటీ రాసిన దగ్గర గానీ, మందుల షాపులో గానీ, నీళ్ళు బాగా తాగాలని, వేసుకున్న వెంటనే పడుకోకూడదని వాడికి ఎవరూ చెప్పలేదు. ఇలాంటివి జరిగితే చెప్పుకోవడానికి ప్రభుత్వంలో ఎవరైనా ఉన్నారా? చెబితే ఆ డాక్టరుకు ఇబ్బంది వస్తుందా? ఆయన మీద నాకు కోపం లేదు. ఒక్క కుర్రవాడికి జరిగిన సంగతి ఎవరికైనా పనికివస్తుందా?

ఒంగోలు నుంచి

అక్కా, మీ తమ్ముడు కోలుకున్నాడు, అదే పదివేలు. అయితే ఒక మాట. డాక్సీసైక్లిన్‌తో ఇలా జరుగుతుందని చాలా కాలంగా తెలిసిన విషయమే. క్యాప్సూల్ పెట్టెలో పెట్టే కాగితంలోనూ ఉంటుంది. కొత్తగా బయటపడింది ఏమీ లేదు కదా, ఎవరికి రాసినా దాచుకోవడం తప్ప ఏమి చేస్తారు? మీ సమయం, మీ శ్రమ చూసుకోండి.

పాత ఫార్మసిస్టు

అమ్మా, మీ ప్రశ్న చూశాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. ఒక వైద్య కళాశాలలో మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే కేంద్రంలో నేను ఆరేళ్ళు పనిచేశాను. పొద్దున్నే వార్డులు తిరగడం, కేసు షీట్లు చదవడం, రోగి పక్కన స్టూలు వేసుకుని మాట్లాడటం, ఫారం నింపడం, అదే నా ఉద్యోగం. మొటిమల మందుల గురించి మా దగ్గరికి వచ్చే కాగితాలు చాలా తక్కువ. వచ్చినవాటిలోనూ ఎక్కువ భాగం దద్దుర్లు, దురద. మీ తమ్ముడిలా ఛాతీ నొప్పితో వచ్చేవాళ్ళు చర్మవైద్యుడి దగ్గరికి రారు, అత్యవసర విభాగానికి వెళ్తారు. అక్కడ చాలాసార్లు గ్యాస్ అని రాసి పంపించేస్తారు. ఆ నొప్పికీ, మొటిమల కోసం వేసుకుంటున్న క్యాప్సూల్‌కీ ముడి పెట్టేవారు ఉండరు. మీకు దొరికిన డాక్టరు ముడి పెట్టారు, ఎండోస్కోపీ కాగితం కూడా చేతిలో ఉంది. ఇంత స్పష్టమైన కేసు మాకు ఏడాదికి ఒకటి దొరికితే గొప్ప.

చెప్పడానికి చోటు ఉంది. మన దేశంలో ఈ పని చూసే కార్యక్రమం 2010 జులైలో ఢిల్లీ ఎయిమ్స్ కేంద్రంగా మొదలైంది. 2011 ఏప్రిల్ నుంచి ఘజియాబాద్‌లో ఉన్న, మందుల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూస్తోంది. ఉచిత ఫోను నంబరు 1800-180-3024, పనిదినాల్లో ఆఫీసు వేళల్లో తీస్తారు. డాక్టర్లకు ఒక ఫారం, మందు వాడిన మనుషులకు విడిగా ఇంకొక ఫారం ఉన్నాయి. ఈ రెండోది తెలుగులో కూడా ఉంది. నింపి దగ్గర్లోని వైద్య కళాశాలలో ఉండే నమోదు కేంద్రంలో ఇవ్వవచ్చు. అక్కడ పరిశీలించి ఘజియాబాద్‌కు పంపుతారు. అక్కడి నుంచి స్వీడన్‌లోని ఉప్సలాకు చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున అన్ని దేశాల నివేదికలనూ ఒకచోట పోగుచేసేది అక్కడే. థాలిడోమైడ్ మందు వల్ల అవయవాలు సరిగా లేని పిల్లలు పుట్టారని 1961లో లోకానికి తెలిసింది. ఆ దెబ్బ తరువాత, 1968లో ఈ అంతర్జాతీయ ఏర్పాటు మొదలైంది.

డాక్టరుకు ఇబ్బంది రాదు. ఫారం ఇచ్చినంత మాత్రాన డాక్టరుది గానీ, కంపెనీది గానీ తప్పని ఒప్పుకున్నట్టు కాదని దాని మీదే రాసి ఉంటుంది. మీ వివరాలు గోప్యంగా ఉంచుతారు. నష్టపరిహారం మాత్రం దీని ద్వారా రాదు, అది వేరే దారి. దీన్ని మీరు ఫిర్యాదు అనుకోకండి, సాక్ష్యం అనుకోండి. చూసింది చూసినట్టు చెప్పడమే మీ పని. కారణం మందేనా అని తేల్చడం కేంద్రంలో కూర్చున్నవాళ్ళ పని. మందు మొదలుపెట్టిన ఎన్నాళ్ళకు వచ్చింది, ఆపితే తగ్గిందా, అలా రావడానికి వేరే కారణం ఉందా అని చూసి, ఖచ్చితం, చాలావరకు నిజం, కావచ్చు, కాకపోవచ్చు అంటూ మెట్లుగా తూకం వేస్తారు.

ఒంగోలు మిత్రులు అడిగింది సరైన ప్రశ్న. మా కేంద్రంలో చేరిన కొత్తలో నేనూ అదే అడిగాను. డాక్సీసైక్లిన్ 1967 నుంచి వాడుకలో ఉంది, అన్నవాహికలో పుండు పడుతుందని పుస్తకాల్లో ఉంది. అయినా రాయాలి. పుస్తకంలో ఉండటం వేరు, హాస్టల్ గదిలో రాత్రి పూట మందు వేసుకునే కుర్రవాడికి తెలియడం వేరు. తెలిసిన ప్రమాదమే పదే పదే జరుగుతోందంటే హెచ్చరిక మనిషి దాకా చేరడం లేదని అర్థం. ఆ సంగతి పై వాళ్ళకు తెలియాలంటే మీలాంటివాళ్ళు రాయడం తప్ప మార్గం లేదు. కొత్త మందులకైతే కంపెనీ మొదటి రెండేళ్ళు ఆరు నెలలకొకసారి, ఆ తరువాత రెండేళ్ళు ఏడాదికొకసారి భద్రతా నివేదిక ఇవ్వాలని మన నిబంధనల్లో ఉంది. ఇంత పాత మందును అలా వెంటపడి చూసేవారు ఉండరు.

మార్కెట్లోకి రాకముందు చేసే పరీక్షల్లో అన్నీ బయటపడతాయని కూడా అనుకోకండి. 3,000 మందికి మందు ఇచ్చి చూస్తే ఒక్కరికీ ఏమీ కాలేదనుకుందాం. అప్పుడు కూడా 1,000 మందిలో ఒకరికన్నా అరుదుగా జరిగే ప్రమాదం లేదని గట్టిగా చెప్పలేం. పరీక్షలో ఉన్నవాళ్ళకు వేళకు ఫోను చేసి అడుగుతారు, ఎలా మింగాలో చెబుతారు. బయట లోకంలో అలా ఎవరు చెబుతారు? ఫ్రాన్స్‌లో ఒక మొటిమల మాత్ర సంగతి చూడండి. సైప్రోటెరోన్, ఇథినైల్ ఎస్ట్రడయోల్ అనే హార్మోన్ మందులు కలిపిన డయాన్-35కు అక్కడ అనుమతి ఉన్నది మొటిమలకే. వాడుకలో చాలామంది ఆడవాళ్ళకు అది గర్భనిరోధక మాత్ర అయిపోయింది. రక్తం గడ్డకట్టి సంభవించిన నాలుగు మరణాలకు దానితో సంబంధం ఉందని పాతికేళ్ళ నివేదికల్లో తేలడంతో 2013లో అక్కడ అమ్మకం ఆపారు. ఐరోపా మందుల సంస్థ మళ్ళీ అంతా పరిశీలించి, వేరే చికిత్సలతో తగ్గని కొన్ని రకాల మొటిమలకు, అవాంఛిత రోమాలకు మాత్రమే వాడాలని హద్దు గీసింది. మరుసటి ఏడాది ఆ మాత్ర మళ్ళీ అమ్మకానికి వచ్చింది. మందు తీసిపారేయడమే ఈ నిఘా ఉద్దేశం అనుకునేవాళ్ళకు నేను ఎప్పుడూ ఈ కథ చెబుతాను.

మొటిమల విషయంలో నా పట్టుదల ఇంకాస్త ఎక్కువ. వేసుకునేవాళ్ళు ఆరోగ్యంగా ఉన్న చిన్నపిల్లలు. ప్రాణం మీదికి వచ్చిన జబ్బు కాదు. క్యాన్సర్ మందుకు ఓర్చుకునే ప్రమాదాన్ని మొటిమల మందుకు ఓర్చుకోమని 19 ఏళ్ళ పిల్లవాడిని అడగలేం.

ఫారం నింపేటప్పుడు మూడు సంగతులు జాగ్రత్తగా చూడండి. మందు మొదలైన తేదీ, నొప్పి మొదలైన తేదీ, గంటతో సహా రాయండి. స్ట్రిప్ మీద ఉండే బ్యాచ్ నంబరు (ఒకేసారి తయారైన మందులకు కంపెనీ వేసే గుర్తు) తప్పకుండా రాయండి. ఇంకే మందులు వాడుతున్నాడో మీ తమ్ముణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. జెల్, క్రీము, సబ్బు, స్నేహితుడు ఇచ్చింది, అన్నీ. మొటిమలు ఉన్న పిల్లలు నాలుగు రకాలు పూసుకుని ఒకటే చెబుతారు, సిగ్గు వల్ల. మీరు కోప్పడకుండా అడిగితే చెబుతాడు.

డాలస్ నుంచి నెల్లూరు అమ్మాయి

హెచ్చరిక మనిషి దాకా చేరడం లేదని పెద్దాయన చెప్పిన మాటకు నా అనుభవం జోడిస్తాను. ఇక్కడ నేను ఎనిమిది నెలలు మొటిమలకు ఐసోట్రెటినోయిన్ అనే క్యాప్సూల్స్ వాడాను. మొదలుపెట్టే ముందే నెల ఎడంతో రెండుసార్లు గర్భ పరీక్ష చేశారు. ఆ తరువాత ప్రతి నెలా పరీక్ష. రెండు రకాల గర్భనిరోధక పద్ధతులు పాటిస్తున్నానని ప్రతి నెలా కంప్యూటర్లో జవాబులు ఇవ్వాలి. మందు ఒక్క నెలకే ఇస్తారు. పరీక్ష అయిన ఏడు రోజుల్లోగా ఫార్మసీలో తీసుకోకపోతే మళ్ళీ మొదటికి వస్తుంది. అప్పుడు నాకు పెళ్ళి కూడా కాలేదు, ఈ ప్రశ్నలకు చాలా ఇబ్బంది పడ్డాను. ఒకరోజు డాక్టరమ్మను అడిగేశాను, ఎందుకింత కట్టడి అని.

ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది. ఈ మందు అమెరికాలో 1982లో వచ్చింది. గర్భిణులు వాడకూడదని మొదటి రోజు నుంచే దాని మీద ఉంది, జంతువుల మీద చేసిన పరీక్షల్లోనే తెలుసు కాబట్టి. అయినా 1983 నుంచే లోపాలతో పుట్టిన పిల్లల వివరాలు రావడం మొదలైంది. చెవులు, ముఖం, గుండె, మెదడు సరిగా ఏర్పడని పిల్లలు. హెచ్చరిక అచ్చువేస్తే సరిపోతుందనుకున్నది సరిపోలేదు. 1988లో ఒక కార్యక్రమం పెట్టారు, అదీ చాలలేదు. 2006లో ఇప్పుడున్న ఐప్లెడ్జ్ అనే కార్యక్రమం వచ్చింది, నెలనెలా పరీక్షలూ ప్రశ్నలూ దానివే. "నువ్వు నొక్కే ఒక్కొక్క బటన్ వెనకా ఒక బిడ్డ ఉంది" అంది ఆవిడ. ఆ తరువాత నేను ఎప్పుడూ విసుక్కోలేదు.

ఇంటికి వచ్చినప్పుడు మా పిన్ని కూతురి చేతిలో అదే మందు చూశాను. పెళ్ళి కుదిరిన పిల్ల. చీటీ లేకుండా కొన్నదట. పెట్టె మీద ఎర్ర అక్షరాల్లో ఇంగ్లీషులో ఉన్నది చదివి వినిపిస్తే అప్పుడు తెలిసింది తనకు. అది ఆపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

కరీంనగర్ నుంచి

నాదొక సందేహం. మా చెల్లెలు మొటిమలకని ఏడాదిగా ఒక క్రీము పూస్తోంది. మొదట్లో ముఖం అద్దంలా మెరిసింది. ఇప్పుడు ఒక్కరోజు మానితే ఎర్రగా మండిపోతోంది, చిన్న చిన్న రక్తనాళాలు కనిపిస్తున్నాయి, మొటిమలు మునుపటికన్నా ఎక్కువయ్యాయి. క్రీములకు కూడా ఈ ఫారం వర్తిస్తుందా? అలాగే మొటిమల జెల్‌లలో ఉండే బెంజాయిల్ పెరాక్సైడ్‌లో క్యాన్సర్ తెచ్చే బెంజీన్ అనే రసాయనం ఉందని వాట్సాప్‌లో చూసి భయపడి ఆ జెల్ పారేసింది. అది నిజమేనా?

పాత ఫార్మసిస్టు

వర్తిస్తుందమ్మా. క్రీమూ మందే. మీరు చెప్పిన లక్షణాలు స్టెరాయిడ్ క్రీము నెలల తరబడి పూసినప్పుడు కనిపించేవి. ట్యూబు మీద బెటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ లాంటి పేరు ఉందేమో చూడండి. ఇలాంటి క్రీములను చీటీ లేకుండా అమ్మకుండా 2018లో కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. దేశమంతటా చర్మవైద్యులు పాడైన ముఖాలను చూపించి ఎన్నో ఏళ్ళు పోరితే వచ్చిన మార్పు అది. మీ చెల్లెలిని సొంతంగా ఆపనివ్వకండి. చర్మవైద్యుడి దగ్గరికి ట్యూబు తీసుకునే వెళ్ళండి. ఖాళీ ట్యూబు అయినా సరే.

బెంజీన్ సంగతిలో కొంత నిజం ఉంది. బెంజాయిల్ పెరాక్సైడ్ వేడికి విడిపోతే బెంజీన్ పుడుతుంది. 2024లో ఒక ప్రైవేటు ప్రయోగశాల ఈ సంగతి లేవనెత్తితే, అమెరికా మందుల నియంత్రణ సంస్థ 95 ఉత్పత్తులను పరీక్షించి 2025 మార్చిలో ఫలితాలు చెప్పింది. 90 శాతానికి పైగా వాటిలో అసలు లేదు, లేదా అతి తక్కువగా ఉంది. ఎక్కువగా ఉన్న కొద్దిపాటి ఉత్పత్తులను దుకాణాల నుంచి వెనక్కు తీసుకున్నారు. అవి అక్కడి ఉత్పత్తుల లెక్కలు. మనం చేయగలిగిందల్లా ట్యూబును ఎండలో, స్కూటరు డిక్కీలో పెట్టకుండా ఉండటం, గడువు దాటితే పారేయడం. ఆ జెల్‌తో అరుదుగా వచ్చే ఇంకొక ప్రమాదం గురించి అదే సంస్థ 2014లో హెచ్చరించింది. కొద్దిమందికి రాసుకున్న తరువాత గొంతు బిగుసుకోవడం, పెదాలు వాయడం, ఊపిరి ఆడకపోవడం జరిగింది. 1969 నుంచి 2013 దాకా పోగైన 131 నివేదికలు చూశాకే ఆ హెచ్చరిక వచ్చింది. ఒంగోలు మిత్రులారా, దాచుకున్న కాగితాలు ఇలా పనికివస్తాయి. అందుకే కొత్త జెల్ ఏదైనా మూడు రోజులు ఒక చిన్న చోట రాసి చూసుకోవాలని చెబుతాం.

గుంటూరు అక్క

ఫోను చేశాను. తీశారు, ఓపికగా మాట్లాడారు. తెలుగు ఫారం ముద్రించుకున్నాను. ఆదివారం హాస్టల్‌కు వెళ్ళి తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నింపాను.

మీరు చెప్పినట్టే అడిగాను. ఇంకేమైనా వేసుకున్నావా అంటే ముందు లేదన్నాడు. కాసేపు గోళ్ళు చూసుకుంటూ కూర్చుని, గదిలో స్నేహితుడు వాడే ఐసోట్రెటినోయిన్ క్యాప్సూల్స్ ఐదు ఇచ్చాడని, త్వరగా తగ్గుతుందని డాక్సీసైక్లిన్‌తో పాటు అవీ వేసుకున్నానని చెప్పాడు. ఆసుపత్రిలో అంత నొప్పిలోనూ ఈ మాట చెప్పలేదు. ఇది ప్రమాదమా?

ఇంకొక చిక్కు. వీడు వారానికి ఏడు చొప్పున కొన్నాడు. షాపులో ప్రతిసారీ కత్తెరతో స్ట్రిప్ కత్తిరించి ఇచ్చారు. మిగిలిన ముక్కలో నాలుగు క్యాప్సూల్స్ ఉన్నాయి గానీ బ్యాచ్ నంబరు లేదు. ఆ చివర షాపులోనే ఉండిపోయింది. వెళ్ళి అడిగితే పాపం ఆయన డ్రాయరు మొత్తం బల్ల మీద పోసి వెతికాడు, దొరకలేదు. కొనుగోలు బిల్లులు చూసి, ఆ వారంలో రెండు బ్యాచ్‌లు ఉన్నాయని ఆ రెండు నంబర్లూ కాగితం మీద రాసిచ్చాడు.

పాత ఫార్మసిస్టు

ఈ రెండు మందులూ కలిపి వేసుకోకూడదమ్మా. కొందరిలో తల లోపల ఒత్తిడి పెరుగుతుంది. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం ఉన్నాయా అని ఇప్పుడే అడగండి. వీటిలో ఏది ఉన్నా ఈ రోజే డాక్టరుకు చూపించండి. లేకపోయినా ఆ ఐదు క్యాప్సూల్స్ సంగతి చర్మవైద్యుడికి చెప్పి తీరాలి. చివరి క్యాప్సూల్ వేసుకున్నాక నెల రోజుల దాకా రక్తదానం చేయవద్దని చెప్పండి. ఆ రక్తం గర్భిణికి ఎక్కవచ్చు. కాలేజీల్లో శిబిరాలు పెడుతుంటారు, పిల్లలు మంచి మనసుతో వెళ్ళి ఇచ్చేస్తారు. ఆ స్నేహితుడికి కూడా చెప్పించండి.

ఫారంలో ఐసోట్రెటినోయిన్ పేరు, ఎన్ని వేసుకున్నాడో, ఏ తేదీల్లోనో రాయండి. బ్యాచ్ దగ్గర రెండు నంబర్లూ రాసి, పక్కన 'ఈ రెండింటిలో ఒకటి, స్ట్రిప్ కత్తిరించి ఇచ్చారు' అని రాయండి. మీరు ఊహించి ఒకటి ఎంచుకోవద్దు. మిగిలిన ముక్కను పారేయకండి, కవరులో పెట్టి ఉంచండి. జరిగినది వివరించే చోట నీళ్ళ సంగతి, మింగిన సమయం, వెంటనే పడుకున్న సంగతి తప్పకుండా ఉండాలి.

గుంటూరు అక్క

తలనొప్పి లేదు, చూపు బాగానే ఉందన్నాడు. డాక్టరుగారికి ఫోనులో చెప్పాను, గురువారం కళ్ళు చూపించుకుని రమ్మన్నారు. వచ్చే నెల కాలేజీలో రక్తదాన శిబిరం ఉందట, స్నేహితులిద్దరూ పేర్లు తీయించుకున్నారు.

వివరాల చోట వాణ్ణే రాయమన్నాను. "రాత్రి 11.40కి నీళ్ళు లేకుండా మింగాను, వెంటనే పడుకున్నాను, 4 గంటలకు నొప్పితో మెలకువ వచ్చింది" అని రాశాడు. రెండు బ్యాచ్ నంబర్లూ నేను రాశాను. రేపు ఉదయం వైద్య కళాశాలలో ఇచ్చి వస్తాను.